ఊలు టోపీలు వెనక్కి వచ్చాయని రాసిన చెల్లెమ్మకు

ప్రశ్న: అక్కా, నాకు 52 ఏళ్ళు. పుట్టింది పాలకొల్లు పక్కన పల్లెలో, ఇప్పుడు ఉండేది విజయవాడలో. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని లేసు అల్లేదాన్ని. పోయినేడు మా తోడికోడలికి కీమో ఇచ్చినప్పుడు జుట్టంతా రాలిపోయింది. అది చూశాక మా అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం కలిసి క్యాన్సర్ పేషెంట్లకి టోపీలు అల్లి ఇద్దామనుకున్నాం. మూడు నెలలు కూర్చుని 40 ఊలు టోపీలు అల్లాం. ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడి హెడ్ సిస్టర్ 17 ఉంచుకుని, మిగతావి పనికిరావమ్మా అని తిరిగిచ్చేశారు. వార్డులో ఇరవై రెండేళ్ళుంటాయేమో ఒక అమ్మాయికి నేనే టోపీ పెట్టబోతే తల వెనక్కి లాక్కుని "వద్దాంటీ" అని ఏడ్చేసింది. ఆ రోజు నుంచి సూది పట్టుకోబుద్ధి కావడం లేదు. మాలో ఒకావిడేమో ఈసారి టోపీల మీద మన గ్రూపు పేరు కుట్టి, ఇచ్చేటప్పుడు ఫొటోలు తీద్దాం అంటోంది. మేం చేసిన తప్పేంటి? ఇక మానేయమంటారా?

సమాధానం:

చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మానేయకండి. కానీ ఇప్పటిదాకా అల్లినట్టు అల్లకండి, ఇచ్చినట్టు ఇవ్వకండి. ఎందుకో చెప్పాలంటే నా సంగతి కాస్త చెప్పుకోవాలి.

నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చి పదకొండేళ్ళయింది. మొదటి కీమో అయిన పదహారో రోజు పొద్దున తల దువ్వుకుంటుంటే దువ్వెన పళ్ళు కనబడనంత జుట్టు ఊడొచ్చింది. అది జరుగుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి దానికి సిద్ధపడే ఉన్నాను. చెప్పనిది ఇంకొకటుంది, జుట్టు రాలడానికి ఒకట్రెండు రోజుల ముందు నుంచే తల నొప్పి పుడుతుంది, లోపల వచ్చే తలనొప్పి కాదు, పైన చర్మం నొప్పి. రోజంతా బిగించి వేసుకున్న జడ రాత్రి విప్పితే కుదుళ్ళు సలుపుతాయి చూడండి, అలా, కాకపోతే రాత్రీ పగలూ. దిండు గలేబు మూల కుట్టిన చిన్న ఎంబ్రాయిడరీ పువ్వు కూడా గుచ్చుకుంటుంటే గలేబు తిరగేసి వేసుకుని పడుకున్నాను. అలాంటి తల మీదకి ఊలు వస్తే ఎలా ఉంటుందో మీరే అనుకోండి.

నాకూ వచ్చిందొక ఊలు టోపీ. అప్పుడు ఏప్రిల్ నెల. చూడ్డానికొచ్చిన దూరపు చుట్టం ఒకావిడ, నిజంగా మంచి మనిషి, తనే అల్లుకొచ్చిన మెరూన్ టోపీ సంచిలోంచి తీసి, ఇంటినిండా మనుషులుండగానే నా తల మీద కొంగు తొలగించి తొడిగేసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ వెళ్ళేదాకా, గంటో గంటన్నరో, చెవుల వెనక చెమట కారుతుంటే అలాగే కూర్చున్నాను. మీరు చూసిన అమ్మాయి వద్దాంటీ అనగలిగింది, నేను అనలేకపోయాను, అంతే తేడా. ఆ రోజు ఆ పిల్లకి ఎన్ని సూదులు పడ్డాయో, ఎంతమంది అడగకుండా చెయ్యి పట్టుకున్నారో మనకి తెలియదు కదా. తన తల మీద ఎవరి చెయ్యి పడాలన్నదొక్కటే తన ఇష్టానికి మిగిలి ఉంటుంది, అందుకే వెనక్కి లాక్కుంది. మీ టోపీని కాదనలేదమ్మా, మీ మనసుని అసలే కాదనలేదు. దీన్ని మనసులో పెట్టుకుని కుమలకండి.

ఇప్పుడు రెండో టోపీ సంగతి. మా అక్క వచ్చి రెండు రోజులు ఏమీ మాట్లాడకుండా నన్ను చూసింది. మూడో రోజు "నీకు రాత్రి పడుకునేటప్పుడు తల చల్లగా అనిపిస్తోందా, వేడిగా అనిపిస్తోందా?" అని అడిగింది. ఏసీ గదిలో కీమో ఎక్కించుకునే నాలుగైదు గంటలూ చల్లగా ఉంటుంది, ఇంట్లో వేడిగా ఉంటుంది, రాత్రి దిండుకి తల రాసుకుంటే మంటగా ఉంటుంది అని చెప్పాను. బావగారి పాత తెల్ల బనియన్లు రెండు, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయినవి, కత్తిరించి చేత్తోనే కుట్టింది. నాకిప్పటికీ గుర్తున్నదేంటంటే అతుకు బయటికి పెట్టింది. చూడ్డానికి తిరగేసి వేసుకున్నట్టుండేది, లోపల మాత్రం చెయ్యి పెట్టి తడిమితే ఎక్కడా దారం తగిలేది కాదు. జుట్టు మళ్ళీ వేలెడు పెరిగేదాకా ఆ రెండు టోపీలే మార్చి మార్చి పెట్టుకున్నాను. మెరూన్ టోపీ మీద దారం పని ఎంతో బాగుంది, బనియన్ టోపీలో చూడ్డానికి ఏమీ లేదు. కానీ అక్క అడిగి కుట్టింది.

మీ ఆరుగురికీ నేను చెప్పదలుచుకుంది ఇదే, ముందు అడగండి, తర్వాత అల్లండి. మీకు సులువు కూడా, ఎందుకంటే మీ తోడికోడలు ఇంట్లోనే ఉంది. ఆవిడ తన తల మీద ఏం పెట్టుకుంది, ఏది తీసి పారేసింది, రాత్రి ఏది, గుడికి ఏది, ఆస్పత్రికి ఏది అని ఒక పూట కూర్చుని అడగండి. ఉత్తరంలో ఆవిడ గురించి ఒక్క వాక్యమే రాశారు, ఆవిడ ఏమన్నదో రాయలేదు.

సరే, పనిలోకి వద్దాం. కీమో మందు వేగంగా పెరిగే కణాలన్నిటినీ దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కణమా జుట్టు కుదురా అన్న తేడా దానికి తెలియదు. మన తల మీద ఏ రోజు చూసినా నూటికి 85 నుంచి 90 వెంట్రుకలు పెరిగే దశలోనే ఉంటాయి, అందుకే దాదాపు అంతా ఒక్కసారే రాలుతుంది. అన్ని కీమో మందులకీ రాలదు, కొన్నిటికి పలచబడుతుంది, కొన్నిటికి ఏమీ కాదు. రాలేవాళ్ళకి మాత్రం మొదటి డోసు పడిన రెండు మూడు వారాల్లో మొదలవుతుంది. ట్రీట్‌మెంట్ అయిపోయిన రెండు మూడు నెలలకి మెత్తగా నూగులా మళ్ళీ వస్తుంది, కొందరికి మొదట్లో ఉంగరాల జుట్టు వస్తుంది. ఇందులో మీకు కావలసింది ఆ రెండు మూడు వారాల లెక్క. చాలామందికి కీమో 21 రోజులకోసారి ఇస్తారు, అంటే జుట్టు రాలే రోజుకి మనిషి ఆస్పత్రిలో ఉండదు, ఏ మార్కాపురంలోనో ఏ నూజివీడు పక్క పల్లెలోనో సొంతింట్లో ఉంటుంది. టోపీ అసలు కావలసింది ఆ రోజు. కాబట్టి గుండు కనబడ్డవాళ్ళకి ఇవ్వడం కాదు, మొదటి కీమోకి జడతో వచ్చినవాళ్ళ చేతికి అందాలి. ఇది హెడ్ సిస్టర్‌కి చెప్పండి, మొదటి డోసు రోజు ఇచ్చే కాగితాలతో పాటు ఒక టోపీ కవరు పెట్టనిస్తారేమో అడగండి.

దారం సంగతికొస్తే ఊలు మనకి కుదరదు. బెజవాడ మే నెలలో ఊలు, అక్రిలిక్ రెండూ తల మీద కుంపటే. మెత్తటి నూలు దారం తీసుకోండి, వెదురు నారతో వచ్చే దారం కూడా బాగుంటుంది కానీ ఖరీదు. మీ చిన్నప్పటి లేసు దారం మరీ సన్నం, దాంతో టోపీ అల్లితే నెలకొకటి కూడా తెమలదు. నాలుగు పోగులదో ఎనిమిది పోగులదో నూలు దారం, మూడు లేదా మూడున్నర మిల్లీమీటర్ల కొక్కెం సూది చాలు. కొత్త దారం తెచ్చాక ఒక మూర తడిపి తెల్లగుడ్డలో చుట్టి గట్టిగా నొక్కి చూడండి, రంగు దిగిందా ఆ దారం వాడొద్దు, చెమటకి తలంతా ఎర్రబడుతుంది. ముదురు ఎరుపు, నీలం ముఖ్యంగా చూసుకోండి.

నూలుకి ఒక ఇబ్బంది ఉంది, ఊలులా సాగి మళ్ళీ ముడుచుకోదు. పైగా జుట్టు లేని తలకి మామూలు కొలత వదులైపోతుంది. తల చుట్టుకొలత 22 అంగుళాలనుకోండి, టోపీ 20 ఉండాలి. నడినెత్తి నుంచి గుండ్రంగా అల్లుకుంటూ వచ్చి ఆ చక్రం అడ్డంగా ఆరుంపావు, ఆరున్నర అంగుళాల మధ్యకి రాగానే కుట్లు పెంచడం ఆపేసి నేరుగా కిందికి దిగండి (20ని 3.14తో భాగిస్తే వచ్చే లెక్కే అది). పొడుగు కుట్టయితే మొదటి వరసలో 12 వేసుకుని ఒక్కో వరసకి 12 చొప్పున పెంచుకుపోతే చక్రం ముడతలు పడకుండా పరుచుకుంటుంది. నెత్తి మధ్య నుంచి అంచు దాకా ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది అంగుళాలు ఉండనివ్వండి, మామూలు టోపీ కంటే అర అంగుళం ఎక్కువే, ఎందుకంటే చెవుల పైన, మెడ మీద జుట్టు మొదలయ్యే గీత కూడా కప్పాలి, అక్కడ బోడిగా కనబడితేనే అందరి కళ్ళూ పడేది. మీ గ్రూపులో యూట్యూబ్ చూసి నేర్చుకున్నవాళ్ళుంటే ఒక జాగ్రత్త చెప్పండి, అమెరికా వాళ్ళు డబుల్ క్రోషే అనే ఈ పొడుగు కుట్టునే ఇంగ్లండ్ వాళ్ళు ట్రెబుల్ అంటారు, ఒక్కో వీడియో ఒక్కో రకం, అది చూసుకోకపోతే ఒకరి టోపీ పిల్లలకి, ఒకరిది గుమ్మడికాయకి సరిపోయేలా తయారవుతుంది.

నడినెత్తిన వేసే మొదటి ముడి గురించి మరీ మరీ చెప్తున్నాను. లేసులో ఆ ముడి ఎవరికీ తగలదు, బల్ల మీద పరిచే గుడ్డకి నొప్పేముంది? టోపీలో అది సరిగ్గా దిండుకి ఆనేచోట ఉంటుంది. ముడి వేయకుండా జారుడు ఉంగరంతో (దారం వేలికి చుట్టి, కుట్లు వేశాక కొస లాగి బిగించేది) మొదలుపెట్టి, మిగిలిన దారం కొసని అటూ ఇటూ మూడుసార్లు కుట్లలోకి దూర్చి, పైవైపు తెంచండి. అయ్యాక టోపీని తిరగేసి మీ ముంజేతి లోపలి వైపు, నరాలు కనబడే చోట, గట్టిగా రాసి చూడండి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ విప్పి మళ్ళీ వేయండి. ఇంకా మంచిది, ఒకటి పెట్టుకుని ఒక రాత్రి మీరే పడుకోండి. ఆరుగురూ పడుకోండి. తెల్లారి టీ తాగుతూ మాట్లాడుకుంటే నేను రాసినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

మీ నర్సాపురం లేసు చెయ్యిని వృథా చేయొద్దు చెల్లెమ్మా. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో మిషనరీలు గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి నేర్పిన పని, మన ఆడవాళ్ళు దాన్ని తమదిగా చేసుకుని తరాల తరబడి ఇళ్ళ అరుగుల మీద కూర్చుని అల్లి దేశదేశాలకి పంపారు, 2024లో నర్సాపురం లేసుకి ఇది ఆ ఊరి పనే అని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కానీ లేసులో అందం అంతా సందుల్లోనే ఉంటుంది, టోపీలో ఆ సందుల్లోంచి తల కనబడుతుంది. అందుకని నాకు తోచిన మార్గం, టోపీ బనియన్ గుడ్డతో కుట్టండి, అంచుకి బయటివైపు మాత్రం సన్నటి లేసు వేయండి. బనియన్ గుడ్డ గజాల లెక్కన దొరుకుతుంది, సాగే వైపు తల చుట్టూ వచ్చేలా కత్తిరించాలి, మిషన్‌కి బనియన్ గుడ్డ సూది వేరే ఉంటుంది, అది వేసి వంకర కుట్టు కుడితే దారం తెగదు. అతుకు బయటికే. ఆ అతుకుని కప్పడానికే లేసు పనికొస్తుంది! మీ ఊళ్ళో పువ్వులు అల్లడాన్ని చేతిపని, వాటిని కలపడాన్ని అతుకుపని అని రెండు వేరుగా అంటారుగా, ఆ రెండూ ఇందులో ఉన్నాయి. ఇలాంటివి రోజుకి నాలుగైదు కుట్టొచ్చు, ఉతికితే గంటలో ఆరతాయి. అల్లిన టోపీలు పదిలో మూడుంటే చాలు, డిసెంబరు జనవరిలో కాస్త పెంచుకోవచ్చు.

లేసు ముందువైపు మరీ కిందికి రానివ్వకండి. బొట్టు పెట్టుకునే చోటు వదలాలి. కనుబొమలు కూడా రాలిపోయిన రోజుల్లో అద్దంలో నా మొహం నాకు నా మొహంలా అనిపించింది ఒక్క బొట్టు వల్లే.

మనవాళ్ళ సంగతి ఇంకొకటుంది, ఇది ఏ విదేశీ వీడియోలోనూ చెప్పరు. మన ఆడవాళ్ళు టోపీ పెట్టుకుని బయటికి రారు. టోపీ పెట్టుకుంటే వీధంతా "ఏమైందమ్మా" అంటుంది, ఉట్టి గుండైతే "తిరుపతి వెళ్ళొచ్చారా" అంటుంది, అవునని తలూపి లోపలికి వెళ్ళిపోవచ్చు. నా పక్క మంచమావిడ ఇరుగుపొరుగుకి తిరుపతి మొక్కని చెప్పుకుంది, నేనూ ఇద్దరు ముగ్గురికి అలాగే చెప్పాను. ఇంట్లో పెద్దవాళ్ళుంటే బోడితల అన్న మాటకి వెనకటి రోజుల వైధవ్యం కూడా గుర్తొచ్చి మొహం చిట్లిస్తారు, మొగుడు పక్కనే ఉన్నా సరే. కాబట్టి మన ఆడవాళ్ళు కొంగు కప్పుకుంటారు. కానీ జుట్టు లేని తల మీద కొంగు నిలవదమ్మా, సిల్కు, జార్జెట్ అయితే మరీ, క్షణానికోసారి జారుతుంది. కొంగు కింద పల్చటి నూలు టోపీ ఉంటే పట్టుకుంటుంది. దుపట్టా కప్పుకునే ముస్లిం ఆడవాళ్ళకీ అంతే. అంటే మీరు కుట్టే టోపీల్లో సగం ఎవరికీ కనబడకుండా కొంగు చాటున ఉండేవే. వాటికి పువ్వులొద్దు, మెరుపులొద్దు, పల్చగా, ఒంటి రంగుకో చీర రంగుకో కలిసేలా చాలు. పూర్తిగా తెలుపు కొందరికి నచ్చదు, ఇందాక చెప్పిన కారణమే, అన్ని రంగులూ కలిపి పెట్టండి.

మగవాళ్ళని మర్చిపోకండి. వాళ్ళకి గుండైతే ఏముందిలే అనుకుంటాం, ఏసీ గదిలో తువ్వాలు చుట్టుకుని వణుకుతూ కూర్చున్న పెద్దాయన్ని నేను చూశాను. బూడిద రంగు, ముదురు నీలం, గోధుమ రంగు, అంచు 21, 22 అంగుళాలు.

చిన్నపిల్లలవి వేరే కథ. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, వచ్చిన పిల్లల్లో చాలామందికి ట్రీట్‌మెంట్ రెండు మూడేళ్ళు సాగుతుంది, హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. లాంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి ఎన్నో జిల్లాల నుంచి పిల్లల్ని తెస్తారు. మూడేళ్ళ పిల్లకి 18, 19 అంగుళాలు, పదేళ్ళ వాళ్ళకి 20 దాకా. గుండీలు, పూసలు, కట్టుకునే తాళ్ళు వద్దే వద్దు, నోట్లో పెట్టుకుంటారు, మెడకి చుట్టుకుంటాయి. పిల్లల టోపీ ఇచ్చేటప్పుడు కుదిరితే రెండు ఇవ్వండి, తోడొచ్చిన చెల్లికో తమ్ముడికో ఒకటి. ఇద్దరూ పెట్టుకుంటే అది మందులో భాగం కాకుండా ఆటలో భాగమవుతుంది.

శుభ్రం గురించి ఆస్పత్రివాళ్ళు ఎందుకంత పట్టుదలగా ఉంటారో మీకు తెలిసి ఉండదు. కీమో అయిన వారం నుంచి రెండు వారాల మధ్య ఒంట్లో తెల్లకణాలు బాగా పడిపోతాయి, మనకి చిన్న జలుబయ్యేది వాళ్ళని ఐసీయూకి తీసుకెళ్తుంది. అల్లడం అయ్యాక ప్రతి టోపీ ఉతికి, గంజి పెట్టకుండా, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, చేతులు కడుక్కుని విడివిడిగా కవర్లలో పెట్టండి. ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే దారం ఉండ మూత ఉన్న డబ్బాలో ఉంచుకోండి. ఎవరికైనా దగ్గు, జ్వరం ఉంటే ఆ వారం సూది పట్టుకోవద్దు, ఆస్పత్రికి అసలే రావద్దు. వాసన ఇంకా ముఖ్యం. కీమోలో ఉన్నవాళ్ళకి అగరొత్తుల వాసన, కంఫర్ట్ వాసన, పౌడర్ వాసన, బీరువాలో కలరా ఉండల వాసన ఏదైనా కడుపులో తిప్పుతుంది. నాకు మల్లెపూలంటే ప్రాణం, ఆ ఆరు నెలలూ గదిలోకి రానివ్వలేదు. మీ టోపీకి ఏ వాసనా ఉండకూడదు. కవరు లోపల చిన్న చీటీ పెట్టండి, "నూలు దారం. గోరువెచ్చని నీళ్ళలో ఉతికి బాగా ఆరేయండి" అని తెలుగులో, పెద్ద అక్షరాలతో. అంతకు మించి ఏమీ రాయొద్దు, ధైర్యవచనాలు కూడా వద్దు.

ఇక గ్రూపు పేరు. టోపీ లోపల ఏ లేబులూ కుట్టకూడదు, గీసుకుంటుంది, పైన కుడితే అది పెట్టుకున్నంతకాలం ఆ మనిషి మీ సేవకి బోర్డు మోసినట్టు. ఫొటోలు అస్సలు వద్దు. ఆ అమ్మాయి గుండుతో ఉన్న ఫొటో మీ ఫేస్‌బుక్‌లో నాలుగు రోజులుంటే, రేపు పెళ్ళిచూపుల వేళ ఎవరి ఫోన్లో తేలుతుందో ఎవరికి తెలుసు? ఫొటోలు తీద్దామన్న మీ గ్రూపు ఆవిడ కాదంటే కాస్త గట్టిగానే చెప్పండి. ఫొటో కావాలంటే టోపీలన్నీ మీ డాబా మీద తాడుకి ఆరేసినప్పుడు తీసుకోండి, అంతకంటే అందమైన ఫొటో ఉండదు.

ఇచ్చే పద్ధతి మార్చండి. మంచం మంచానికీ వెళ్ళొద్దు. గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో క్యాన్సర్ సెంటర్ మీకు దగ్గరే, అక్కడైనా ఇంకెక్కడైనా ముందు ఖాళీ చేతులతో వెళ్ళి నర్సింగ్ సూపరింటెండెంట్‌నో సోషల్ వర్కర్‌నో కలిసి, మీకు ఏం కావాలి, ఎన్ని కావాలి, ఏ రోజు తేవాలి అని అడగండి. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయండి, వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి. సరేనంటే కీమో డేకేర్ గది బయట ఒక బుట్ట పెట్టనివ్వమనండి, పక్కన ఒక చిన్న అద్దం. ఎవరికి వాళ్ళు వచ్చి, ఎవరూ చూడనప్పుడు, రెండు మూడు పెట్టి చూసుకుని తీసుకుంటారు. మీలో ఒకరే దూరంగా కూర్చోండి. ఎవరైనా మీ వైపు చూస్తే "నచ్చితే తీసుకోండమ్మా, కొలత చాలకపోతే చెప్పండి" అనండి చాలు. ఏ స్టేజి, ఎన్నో కీమో, పిల్లలెంతమంది, ఎలా వచ్చింది, ఇవేవీ అడగొద్దు. వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినండి. అడక్కుండా ఎవరి తల మీదా చెయ్యి వేయొద్దు, ఇది మీకిప్పుడు చెప్పక్కర్లేదనుకోండి.

వెనక్కొచ్చే మాటలు రాసుకోండి. చెవి దగ్గర బిగుతుగా ఉందని ఒకరు, చున్నీ కింద లావుగా ఉందని ఇంకొకరు అంటారు, వచ్చే నెల కొలతలు ఆ మాటల్లోంచే తీయాలి.

మీ ఊరి లేసు పనివాళ్ళతో కుట్టిద్దామని మీలో ఎవరికైనా ఆలోచన వస్తే, మంచి ఆలోచనే, కానీ కూలి ఇచ్చి చేయించుకోండి. దళారులు ఇచ్చేది ఎంత తక్కువో మీ అమ్మగారి పక్కన కూర్చున్న మీకు నేను చెప్పాలా? పుణ్యం వస్తుంది ఊరికే చేయండి అని వాళ్ళని అడగడం న్యాయం కాదు. మీ ఆరుగురూ దారం డబ్బుతో పాటు నెలకి కొంత వేసుకుంటే ఇద్దరు ముగ్గురికి పని దొరుకుతుంది.

టోపీలు కాస్త గాడిన పడ్డాక ఇంకో పని ఉంది, దాని గురించి మనవాళ్ళు పెద్దగా మాట్లాడరు. రొమ్ము తీసేసిన ఆడవాళ్ళు జాకెట్టులో పెట్టుకోవడానికి నూలుతో అల్లి దూది లాంటి మెత్తటి నింపుడు పెట్టినవి ఉంటాయి. సిలికాన్‌వి బరువు, ఎండాకాలం చెమట, డబ్బూ ఎక్కువ. అమెరికాలో బార్బరా డెమరెస్ట్ అనే ఆవిడ తన ఆపరేషన్ తర్వాత నిటెడ్ నాకర్స్ అనే పేరుతో ఈ పనికి ఒక సంస్థ పెట్టారు, ఇప్పుడు చాలా దేశాల్లో వాలంటీర్లు అల్లి ఉచితంగా ఇస్తున్నారు, అల్లే పద్ధతి కూడా ఉచితంగానే దొరుకుతుంది. కుట్లు పూర్తిగా మానాక, డాక్టరు సరేనన్నాకే వాడాలి. నేను మూడేళ్ళు జాకెట్టులో చేతిరుమాలు మడత పెట్టుకుని పెళ్ళిళ్ళకి వెళ్ళాను, మాటిమాటికీ పైకి జరిగిపోయేది, ఫొటో తీస్తారంటే పక్కకి తప్పుకునేదాన్ని. అప్పుడు మీలాంటి అల్లే చెయ్యి ఒకటి మా వీధిలో ఉంటే ఎంత బాగుండేదో. టోపీ కంటే ఇది మీకు ఇంకా బాగా కుదురుతుందని నా నమ్మకం, సన్నటి పని, కొలత పని, నర్సాపురం చేతులకి తగిన పని.

మొదటి నెల పదే పది చేయండి. నలభై వద్దు. ఒకటి మీ తోడికోడలికివ్వండి, ఆవిడకిప్పుడు జుట్టు వచ్చేసి ఉన్నా సరే, పెట్టి చూసి తప్పులు చెప్పమనండి. ఆ అమ్మాయి మళ్ళీ ఎక్కడైనా కనబడితే ఏమీ ఇవ్వబోకండి, నవ్వి "బావున్నావా అమ్మా" అనండి, అంతే.

తిరిగొచ్చిన ఆ 23 ఊలు టోపీలని చూసి బాధపడకండి, విప్పొద్దు కూడా. డిసెంబరులో లంబసింగి, పాడేరు వైపు చలి ఎలా ఉంటుందో తెలుసు కదా, అక్కడి హాస్టల్ పిల్లలకి అవి వారం రోజుల్లో చెవుల మీదకి వచ్చేస్తాయి. అందాకా ఉతికి, బాగా ఆరబెట్టి, ఎండిన వేపాకు వేసి ఒక పాత దిండు గలేబులో మూట కట్టి ఉంచండి.